చెక్క ఘనాలు, తడి మట్టి

మాంటిస్సోరి పేరున్న బడి బోర్డు లేని ఊరు మనకు అరుదు. మరియా మాంటిస్సోరి 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసు అడయార్‌కు వచ్చి, యుద్ధం వల్ల ఇక్కడే చిక్కుకుపోయి, ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చిన సంగతి కూడా చాలామందికి తెలుసు. ఆమె దేశమైన ఇటలీలోనే, రెజ్జో ఎమీలియా అనే నగరంలో, అదే పసివయసు కోసం పుట్టిన బడుల గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువ. రెండూ పిల్లల చేతిని నమ్మినవే. ఆ చేతిలో ఏం పెట్టాలన్న దగ్గరే దారులు చీలాయి.

మాంటిస్సోరి డాక్టరు. 1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో పేదవాడలో మొదటి ‘పిల్లల ఇల్లు’ తెరిచేనాటికి, మందబుద్ధులని ముద్రపడ్డ పిల్లలతో పనిచేసిన అనుభవం ఆమెకుంది. ఆమె సామగ్రిలో ఆ శాస్త్రజ్ఞురాలి కొలత కనిపిస్తుంది. గులాబీ గోపురం అనే పరికరంలో పది ఘనాలు. పెద్దదాని అంచు 10 సెంటీమీటర్లు, చిన్నదానిది 1. రంగూ ఆకారమూ ఒకటే, మారేది పరిమాణమొక్కటే. చెక్క దిమ్మెలోని గుంతల్లో స్తూపాలు అమర్చేటప్పుడు సన్నటిది పెద్ద గుంతలో పడిందంటే, చివరికి లావుపాటిదొకటి ఎక్కడా పట్టక మిగిలిపోతుంది. టీచరు నోరు విప్పనక్కర్లేదు. పెద్దల గద్దింపు లేకుండా తమ తప్పు తామే దిద్దుకునే అవకాశం పసివాళ్లకు ఇంత శుభ్రంగా ఇచ్చిన మరో పద్ధతి నేను ఎరగను.

రెజ్జో పుట్టింది యుద్ధ శిథిలాల మధ్య. 1945లో ఆ నగరం దగ్గరి విల్లా చెల్లా పల్లె జనం, జర్మన్లు వదిలేసిపోయిన ట్యాంకు, లారీలు, గుర్రాలు అమ్మిన డబ్బుతో పిల్లలకు బడి కట్టడం మొదలుపెట్టారు. ఆ కబురు విని సైకిలెక్కి వెళ్లిన యువ ఉపాధ్యాయుడు లోరిస్ మలగుజ్జి జీవితాంతం ఆ పనిలోనే ఉండిపోయాడు. రెజ్జో పురపాలక సంఘం తన మొదటి బడిని 1963లో తెరిచింది. మాంటిస్సోరి పరికరం దేనికోసమో ముందే తేల్చిపెట్టి ఉంటుంది. ఇక్కడి మట్టీ తీగా మాత్రం ఏమవుతాయో పిల్లలే తేల్చాలి. రెజ్జోలోని లా విల్లెట్టా బడి పిల్లలు ఒకసారి పక్షుల కోసం వినోదాల పార్కు కట్టాలనుకున్నారు. ఫౌంటెన్‌లోకి నీళ్లెలా వస్తాయో బొమ్మలు గీశారు, మట్టితో చేసి చూశారు, వాదించుకున్నారు. చివరికి నిజం ఫౌంటెన్లూ నీటిచక్రాలూ తోటలో నిలిచాయి. అక్కడ తప్పు చూపింది చెక్క దిమ్మె కాదు, పక్కనున్న స్నేహితుడు.

మాంటిస్సోరి గదిలో పిల్ల చాప పరుచుకుని తన పనిలో తాను మునిగిపోతుంది. రెజ్జోలో నలుగురు కలిస్తేగాని పని సాగదు. ఊహకు, బొమ్మకు, మట్టికి రెజ్జో ఇచ్చిన పెద్దపీట మాంటిస్సోరిలో లేదు, ఆ లోటు నిజమే. అలాగే రెజ్జోకూ ఒక పరిమితి ఉంది: ఊరి పాలకవర్గం, తల్లిదండ్రులు, బడిలోనే ఒక కళాకారుడు, వీళ్లంతా వెనక నిలబడాలి. మాంటిస్సోరి సామగ్రి మాత్రం సముద్రాలు దాటి మన దేశం దాకా వచ్చి పనిచేసింది.

మాంటిస్సోరి బడిలో గరుకు కాగితపు అక్షరం మీద వేలు తిప్పే పిల్లను చూస్తే మన అక్షరాభ్యాసంలోని బియ్యపు పళ్లెం గుర్తొస్తుంది. అయితే మన దగ్గర పెద్దలు వేలు పట్టుకుని దిద్దిస్తారు. మాంటిస్సోరి టీచరు ఒకసారి చూపించి పక్కకు తప్పుకుంటుంది.

ఆ తప్పుకోవడంలోనే రెండు బడులూ కలుస్తాయి. తప్పుకున్న టీచరు ఊరికే ఉండదు, చూస్తుంది, రాసుకుంటుంది. ఏ పిల్ల ఏ పని ఎంచుకుంది, ఎంతసేపు చేసింది, ఎక్కడ ఆగింది అన్నది మాంటిస్సోరి టీచరు నోటుపుస్తకంలో ఉంటుంది. రెజ్జోలో పిల్లల మాటలు రికార్డు చేసి, రాసి, ఫొటోలతో గోడకు పెడతారు. రేపేం చేయాలో టీచర్లు వాటి ముందు కూర్చుని తేల్చుకుంటారు. సామగ్రి కొనవచ్చు, బోర్డు రాయించవచ్చు. ఈ ఓపికను మాత్రం టీచరు రోజూ సాధన చేయాల్సిందే, యాజమాన్యం అందుకు సమయం ఇవ్వాల్సిందే. ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు బోర్డు మీది పేరు చూసి ఆగిపోకండి. నిన్న ఒక పిల్ల ఏం చేసిందో టీచరు రాసుకున్న కాగితం చూపించమని అడగండి.