రెండో పోటు

ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్నాయంటే చీరాల, బాపట్ల తీరంలోని ఇసుక నేలల్లో సరుగుడు నాట్లు మొదలవుతాయి. ఆ రోజుల్లో నాకు ఇంట్లో కాలు నిలవదు. గునపం పట్టుకుని నేనూ సాలులోకి దిగుతాను.

కమ్మరి దగ్గర మొన సాగగొట్టించిన గునపాన్ని తడి ఇసుకలోకి జానెడు పైన దించి, అటూ ఇటూ ఒకసారి ఊపి తీస్తే సన్నటి నిలువు గుంట పడుతుంది. పొడి ఇసుకైతే చూస్తుండగానే కూలిపోతుంది. అందుకే తడి లోతుకి దిగేదాకా ఆగాలి. వెనక నారు కట్టతో వచ్చే ఆమె ఆ గుంట పూడకముందే, బురదలో ముంచిన వేళ్లను అందులోకి జారవిడుస్తుంది. మొక్కను కావలసినదానికన్నా కాస్త లోతుకి దించి, మళ్లీ కొంచెం పైకి లాగుతుంది. ఆ లాగుడికి మడత పడ్డ వేరు నిటారుగా సాగుతుంది. అడుగున కొంకిలా వంగిపోయిన వేరు పైకి కనిపించదు. చెట్టు పచ్చగానే ఎదుగుతుంది. పెద్దగాలికి ఒరిగిన రోజున గాని సంగతి బయటపడదు.

చాలామంది ఇక్కడితో నాటడం అయిపోయిందనుకుని పక్క గుంటకి వెళ్లిపోతారు. నా లెక్కలో అసలు పని ఇప్పుడే మొదలు. మొక్కకి నాలుగు వేళ్ల దూరంలో గునపం మళ్లీ దించి, పిడిని మొక్కకి దూరంగా లాగాలి. ఈ రెండో పోటుతో అడుగున ఇసుక కదిలి వేరును పట్టుకుంటుంది. పైన మడమతో ఎంత తొక్కినా అంత లోతున సందు మూసుకోదు. వేరు చుట్టూ గాలి మిగిలితే తడి పక్కనే ఉన్నా దానికి అందదు, ఎండిపోతుంది. రెండో పోటు పడ్డాక మడమతో తొక్కి, మొక్క కొసన ఒక రెమ్మ పట్టుకుని లాగి చూస్తాను. రెమ్మ తెగాలి, మొక్క కదలకూడదు.

మీటరున్నర దూరంలో నాటితే ఎకరానికి 1,800 మొక్కలు పడతాయి. గునపం పట్టినవాళ్లు నిలబడే పని చేస్తారు. మొక్క పెట్టే ఆడవాళ్లు మాత్రం అన్నిసార్లూ వంగి లేవాలి. సాయంత్రానికి నడుం పట్టేసి గట్టు మీద కూలబడే వాళ్లను చూస్తే, ఫిన్లాండ్‌లో 1970ల్లో పుట్టిన పొట్టిపుట్కి అనే నాటే గొట్టం మన ఊళ్లకి ఇంకా ఎందుకు రాలేదా అని బాధేస్తుంది. నడుమెత్తు గొట్టం, దాని కింద మూసుకున్న ఇనుప ముక్కు. ముక్కును నేలలోకి దించి, మొక్కను పైనుంచి గొట్టంలో వేసి, పెడల్ తొక్కితే ముక్కు తెరుచుకుంటుంది. గొట్టం ఎత్తగానే మొక్క నేలలో నిలబడుతుంది. వంగే పని లేదు. వట్టి వేళ్ల నారుకి అది పనికిరాదు గాని, ప్లాస్టిక్ కోన్లలో మట్టిముద్దతో పెంచే క్లోన్ మొక్కలకి సరిగ్గా సరిపోతుంది. ఆ క్లోన్లు మన వైపూ వాడుకలోకి వచ్చాయి. మన వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీలు మన ఇసుకకి తగ్గట్టు ఇలాంటి గొట్టం చేసివ్వాలి. ఆ గొట్టంతో నాటినా చివర కాలితో అదమక తప్పదు.

నాట్లను మొక్కకింత అని గుత్తకి ఇవ్వొద్దని రైతులందరికీ చెబుతుంటాను. గుత్త పనిలో ముందు ఎగిరిపోయేది రెండో పోటే. ఆ తప్పు కూలీలది కాదు, బేరం కుదిర్చినవాళ్లది. రోజు కూలి ఇచ్చి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చనిస్తే సాయంత్రం నాటిన సాళ్లు కూడా పొద్దుటి సాళ్లలాగే నిలుస్తాయి.

నాటిన వారానికి సాళ్ల వెంట ఒకసారి నడవాలి. వానకి ఇసుక దిగి వదులైన మొదళ్లను మళ్లీ తొక్కాలి. చచ్చినవాటి చోట నెల లోపే కొత్త మొక్క పెట్టాలి. ఆలస్యమైతే పక్క చెట్ల నీడ కమ్మేసి, అది ఇక పైకి లేవదు.