టి206 అని పేరు పెట్టినాయన

పాత క్రికెట్ కార్డులు దాస్తానని తెలియగానే ఎవరైనా ముందు అడిగేది ఒక్కటే: “ఇవి ఎంత పలుకుతాయి?” అలా అడిగినవాళ్లకి నేను జెఫర్సన్ బర్డిక్ గురించి చెబుతాను.

అమెరికాలోని సిరక్యూస్‌లో, ఎలక్ట్రికల్ సామాను చేసే ఫ్యాక్టరీలో విడిభాగాలు బిగించే పని ఆయనది. ఒంటరి మనిషి. కీళ్లవాతం. ఆయన పోగేసినవాటిలో సిగరెట్ పెట్టెల్లో వచ్చిన కార్డులూ ఉన్నాయి. మెత్తటి పెట్టెలో సిగరెట్లు నలగకుండా పెట్టే అట్టముక్క మీద 1880ల నాటికే నటీమణులు, పక్షులు, ఆటగాళ్ల బొమ్మలు అచ్చేసేవారు. మనకు తెలిసిన విల్స్ కూడా 1896లో ఇంగ్లండులో 50 మంది క్రికెటర్లతో ఒక సెట్టు వేసింది. సిగరెట్ తండ్రికి, బొమ్మ పిల్లాడికి. ఏ బొమ్మ ఏ సెట్టుదో, సెట్టుకి ఎన్నో వరసగా చెప్పే దిక్కు మాత్రం లేదు. బర్డిక్ ఆ పని నెత్తికెత్తుకుని 1939 నుంచి కేటలాగులు వేశాడు. పందొమ్మిదో శతాబ్దపు పొగాకు కార్డులకి ‘ఎన్’, ఇరవయ్యో శతాబ్దపు వాటికి ‘టి’, పక్కన ఒక అంకె.

1909–11 మధ్య వచ్చిన బేస్‌బాల్ సెట్టుకి ఆయనిచ్చిన గుర్తే టి206. కార్డు అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు, అంతే. అందులో ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ వెనక నారింజ రంగు, కింద మట్టిరంగు అక్షరాల్లో పేరు. తన బొమ్మ వేయొద్దని వాగ్నర్ పట్టుబట్టడంతో అచ్చు ఆగిపోయింది. పిల్లలు పొగాకు కొనకూడదని అన్నాడంటారు కొందరు, డబ్బు దగ్గర తేడా వచ్చిందంటారు ఇంకొందరు. బర్డిక్ దాని ఖరీదు 50 డాలర్లని రాసుకున్నాడు. 2022లో అలాంటిదొకటి 72 లక్షల డాలర్లు దాటి అమ్ముడైంది. కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ దాన్ని బర్డిక్ పెట్టిన గుర్తుతోనే పిలుస్తారు. ఏది ఏ సెట్టుదో, ఏది అరుదో తేలకపోతే అంత డబ్బు ఎవరు పెడతారు?

బర్డిక్ మాత్రం సేకరణను అమ్ముకోలేదు. 1947 నుంచి తన సేకరణంతా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇస్తూ వచ్చాడు. మొత్తం 3 లక్షల పైచిలుకు. అందులో 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులే. వంకర్లు పోయిన వేళ్లతో అక్కడే కూర్చుని, ఒక్కొక్కటీ ఆల్బమ్‌లో వరసప్రకారం అతికించాడు. 1963 జనవరి 10న పని ముగించాడు, మార్చిలో కన్నుమూశాడు. జిగురు తగిలిన కార్డుకి బజారులో విలువ పడిపోతుంది. పడిపోనీ. విడివిడిగా ఎగిరిపోవాల్సిన బొమ్మలు ఇవాళ ఒక్కచోట ఉన్నాయంటే ఆ జిగురు పుణ్యమే.

నేనైతే అతికించను, కాగితం మూలల్లో దోపుతాను. కార్డు వెనక చాలా సమాచారం ఉంటుంది. టి206 వెనక సిగరెట్ బ్రాండు, ఫ్యాక్టరీ నంబరు, రాష్ట్రం పేరు చిన్న అక్షరాల్లో ఉంటాయి. ‘ఫ్యాక్టరీ నంబరు 25, వర్జీనియా’ అన్నట్టు. కార్డు ఏ ఫ్యాక్టరీ పెట్టెలోంచి వచ్చిందో చెప్పేది అదే.

మన బబుల్‌గమ్ క్రికెట్ బొమ్మలకీ ఇలాంటి వరస కావాలి. వాటి మీద అచ్చేసిన పరుగులూ వికెట్లూ కూడబెట్టి, ఆ బొమ్మలు ఇచ్చేసి బహుమతి తెచ్చుకున్న తరం మనది, మిగిలినవి తక్కువ. నా నోటుపుస్తకంలో ఆటగాడి పేరు, ముందు ఏముంది, వెనక ఏముంది, ఏ ఊళ్లో దొరికింది అని గళ్లు గీసి రాస్తున్నాను. మీ అటకమీద పెట్టెలో ఉంటే ఫోటో పంపండి. వెనకవైపు కూడా తీయండి.