కొంగున దాచిన నోటీసు

పెద్దమ్మ కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం నా టేబుల్ మీద పెట్టింది. "సార్, మా పిలగాడు దుబాయ్ల ఉంటడు. జాగ కొన్నందుకు నోటీసొచ్చింది. ఇల్లు జప్తు జేస్తరా?" వారం నుంచి ఆమెకు అన్నం సయిస్తలేదట.

గంభీరావుపేటలో ఎవరు నోటీసు తెచ్చినా నేను ముందు చూసేవి నాలుగు: ఎవరి పాన్ నంబరు, ఏ ఏడాది లెక్క, ఏం అడిగారు, ఎప్పటిలోగా జవాబియ్యాలి. పెద్దమ్మ కాగితంలో అడిగింది ఒక్కటే, జాగ కొన్న సొమ్ము ఎక్కడిదని. ఒక పరిమితికి మించిన విలువున్న రిజిస్ట్రేషన్ల వివరాలు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఆదాయపు పన్ను శాఖకు చేరుతాయి. పాస్‌పోర్టు, జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి జవాబు పెట్టాం. ప్రవాస భారతీయుడు పరాయి దేశంలో కష్టపడి అక్కడే అందుకున్న జీతానికి ఇక్కడ పన్ను లేదు. వ్యవహారం అంతటితో ముగిసింది.

సర్కారు కాగితమంటే మనకు పాత భయం. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా దస్తరంలో ఏం రాసి ఉందో చాలామంది రైతులకు తెలిసేది కాదు. ఇప్పుడు మన లెక్క మన ఫోన్లోనే కనబడుతున్నా ఆ భయం పోలేదు.

"ఆడిట్ పడ్డది" అని షావుకార్లు వణుకుతారు. ఏడాది అమ్మకాలు కోటి దాటితే, నగదు లావాదేవీలు 5 శాతం మించనివారికి 10 కోట్లు దాటితే, మనం పెట్టుకున్న సీఏ చేతనే చేయించుకోవాల్సింది టాక్స్ ఆడిట్. అది నేరారోపణ కాదు. శాఖ స్వయంగా లెక్కలు పరిశీలించడం వేరు. దానికి కూడా ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లోనే జవాబివ్వొచ్చు, కరీంనగర్ దాకా తిరగనక్కర్లేదు.

అసలు నష్టం జవాబివ్వకపోవడం వల్ల జరుగుతుంది. బాకీ కట్టమని నోటీసొస్తే మామూలుగా 30 రోజుల గడువుంటుంది. అది దాటితే నెలకు 1 శాతం వడ్డీ, నెలలో ఒక్క రోజు గడిచినా నిండు నెల కిందే లెక్క. లెక్క తప్పయితే సవరణ అడగొచ్చు, ఒప్పుకోకపోతే 30 రోజుల్లో అప్పీలు వేయొచ్చు, ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు కోరవచ్చు. అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. స్టే విడిగా అడగాలి, దానికి మామూలుగా బాకీలో కొంత భాగం కట్టమంటారు.

"సగానికి సెటిల్ చేయిస్తా" అనే మధ్యవర్తిని నమ్మొద్దు. 2020, 2024లో వచ్చిన వివాద్ సే విశ్వాస్ పథకాల్లో కూడా మామూలుగా వివాదంలో ఉన్న పన్ను కట్టినవారికే వడ్డీ, జరిమానా మాఫీ అయ్యాయి. ఓటీపీ అడిగే ఫోన్లకు అసలే లొంగొద్దు. 2019 అక్టోబరు నుంచి శాఖ పంపే ఉత్తరాలకు డాక్యుమెంట్ నంబరు ఉంటుంది. దాన్ని శాఖ వెబ్‌సైట్లో కొట్టి చూస్తే ఉత్తరం అసలుదో నకిలీదో తేలిపోతుంది.

ఇన్నేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. పన్ను కట్టి చితికిపోయినవారికన్నా కాగితం దాచి చితికిపోయినవారినే ఎక్కువ చూశాను. నోటీసొస్తే కొంగున ముడేసుకోకండి. వచ్చిన రోజే తెలిసినవారితో చదివించుకోండి.