నిరాశ్రయుల వసతి పథకములు: నాంపల్లి నుండి ఒక విమర్శ

మంచి సమరయుని ఉపమానమును (లూకా 10:30-37) ప్రసంగించునప్పుడు మనలో అనేకులము నూనె, ద్రాక్షారసముల యొద్దనే ఆగిపోవుదుము. పూటకూళ్లవాని సంగతి ఒక్క మాటలో ముగించుదుము. అయితే ఆ గాయపడినవానికి కావలసినది కట్టు మాత్రమే కాదు. ఒక పడక, తెల్లవారిన తరువాత కూడ అక్కడనే ఉండగల వీలు. సమరయుడు రెండు దేనారములు ముందుగా చెల్లించి, ఇంకేమైన ఖర్చయినయెడల దానికి కూడ పూచీపడినాడు. ఈ కొలతతో హైదరాబాదులో నిరాశ్రయుల కొరకు వచ్చిన పథకములను, వాటితోపాటు మన సంఘముల దానధర్మములను పరిశీలింప గోరుచున్నాము.

నాంపల్లి స్టేషను ఎదుట, అబిడ్స్ జి.పి.ఓ. చుట్టుప్రక్కల, మూసిన దుకాణముల మెట్ల మీద రాత్రివేళ పండుకొనువారందరికి మనము బిచ్చగాండ్రని ఒకే పేరు పెట్టుచున్నాము. అది పొరపాటు. వారిలో హమాలీలున్నారు, పెండ్లి విందులలో వడ్డించు కూలీలున్నారు, చిత్తు కాగితములు ఏరువారున్నారు. కొడుకుల ఇండ్లలో చోటులేక వచ్చిన వృద్ధులున్నారు. రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్, ఎం.ఎన్.జె. ఆసుపత్రులకు జిల్లాల నుండి వచ్చి లాడ్జి అద్దె భరింపలేని రోగుల బంధువులున్నారు. వీరి కూలి, వైద్యము, అన్నము అన్నియు ఆ చుట్టుపట్లనే. నిజాం కాలమున స్టేషను ఎదుటనే సరాయి కట్టించినవారు ఈ సంగతి ఎరిగినవారే. ఆ సరాయి తరువాత పాడుబడినది.

కాగితము మీద మన దేశములో మంచి నియమములే వచ్చినవి. 2001లో పి.యు.సి.ఎల్. వేసిన ఆహార హక్కు వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2010లో పెద్ద నగరములన్నిటిలో లక్ష జనాభాకు ఒక వసతి గృహము ఉండవలెనని, అవి సంవత్సరము పొడుగున పగలు రాత్రి తెరచియుండవలెనని ఆదేశించినది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషను దీనిని పథకముగా మార్చి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, సామాను దాచుకొను పెట్టె, గుర్తింపు కార్డులు పొందుటకు సహాయము అని వ్రాసినది. 2011 జనాభా లెక్కల ప్రకారము మన నగరములో 67 లక్షలకు పైగా జనులు. అనగా వందమంది పట్టు గృహములు 67 కావలెను. నగరపాలక సంస్థ నడిపినవి ఆ లెక్కకు దరిదాపులకైనను రాలేదు.

నియమము ఒకటి, ఆచరణ ఒకటి అనుటకు 2017 నవంబరు చాలును. ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు నగర పోలీసు కమిషనరు రెండు నెలలపాటు బిచ్చమెత్తుటను నిషేధించినారు. వీధులలోని పురుషులను చంచల్‌గూడకు, స్త్రీలను చర్లపల్లికి, జైలు ఆవరణలలోని ఆశ్రమములకు తరలించినారు. బిచ్చగాండ్రను చూపినవారికి 500 రూపాయల బహుమానమని జైళ్ల శాఖ ప్రకటించినది. అక్కడ అన్నము, బస ఇచ్చిన మాట కాదనము. కాని తప్పిపోయిన గొఱ్ఱెను వెదకు పద్ధతి లూకా 15లో మేము చదివినది వేరు.

2015లో తెలంగాణ ప్రభుత్వము ఆరంభించిన రెండు పడక గదుల ఇండ్ల పథకము ఇంతకంటె గొప్ప ఆలోచన. పేదవానికి 560 చదరపు అడుగుల ఇల్లు ఉచితముగా ఇవ్వబూనుట చిన్న సంగతి కాదు. 2023 జూన్‌లో కొల్లూరులో 15 వేలకు పైగా ఇండ్లు ఒక్కచోటనే ప్రారంభమైనవి. అయితే ఇంటికి ఆహార భద్రతా కార్డు కావలెను, కార్డుకు చిరునామా కావలెను, చిరునామాకు ఇల్లు కావలెను! ఎవనికి బొత్తిగా ఏమియు లేదో వాడే ఈ చక్రములో వెలుపల మిగిలిపోయినాడు. ఒకవేళ కొల్లూరులో ఇల్లు వచ్చినను, తెల్లవారుజామున నాంపల్లిలో కూలికి నిలబడవలసినవాడు ఏ బస్సు ఎక్కవలెను? వసతి గృహములలో కార్డుల సహాయము సరిగా జరిగియుండిన యెడల ఈ చక్రము కొంతవరకు తెగెడిది. ఫిన్లండు దేశము 2008 నుండి మొదట ఇల్లు, తరువాత మిగిలిన సహాయము అను క్రమమును అనుసరించినది. హెల్సింకీలో సాల్వేషన్ ఆర్మీ వారి పెద్ద హాస్టలును సహితము విడివిడి నివాసములుగా మార్చినారు. ఒక క్రైస్తవ సంస్థ పడకలు లెక్కించుట మాని తాళపుచెవులు ఇచ్చుటకు ఒప్పుకొనినదన్నది మన సెమినరీలలో చర్చింపదగిన విషయము.

ప్రభుత్వమును ఇంతగా ప్రశ్నించిన మేము మా సంగతి దాచుట న్యాయము కాదు. మా సంఘము ప్రతి డిసెంబరులో ఈ వీధులలో కంబళ్లు పంచును. ఒక సంవత్సరము ఒక పెద్దాయన కంబళి అందుకొని, "పొద్దున పనికి పోయేటప్పుడు దీన్ని యాడ పెట్టాలె అయ్యగారూ?" అని అడిగినాడు. మాయొద్ద జవాబు లేకపోయెను. క్రిందటి సంవత్సరపు కంబళి అట్లే పోయినదట. యెషయా 58:7 దిక్కుమాలినవారిని ఇంట చేర్చుకొనుటను గూర్చి మాటలాడుచున్నది. మేము గేటుకు తాళము వేసి వీధిలో పంచుచున్నాము.

తరువాతి కమిటీ సమావేశములో రెండు మనవులు చేసితిమి. ఆవరణలోని ఖాళీ గదిలో వీధివారి సామాను కొరకు ఇనుప పెట్టెలు పెట్టవలెనని, కార్డులకు దరఖాస్తు చేయువారికి ఉత్తరములు అందుటకు మందిర చిరునామా వాడుకొననియ్యవలెనని. చిరునామా ఇచ్చినయెడల రేపు స్థలము మీద హక్కు అడుగుదురేమో అని ఒక పెద్ద సందేహించినారు. ఆ భయము పూర్తిగా అర్థములేనిది కాదు. మందిర ఆస్తుల తగవులు మన సంఘములు ఎరుగనివి కావు. న్యాయవాదిని అడిగి చెప్పుదమని వాయిదా వేసినారు. పెట్టెల విషయము మాత్రము ఒప్పుకొనినారు గాని తాళపుచెవి ఎవరి యొద్ద ఉండవలెనన్నది తేలలేదు. ఆ గదిలో ఇప్పటికిని విరిగిన కుర్చీలే ఉన్నవి.