‘అల్-మూమియా’ చిత్రం: పురావస్తు పరిరక్షణలో స్థానికుల స్థానం

వ్యాససంగ్రహం:
ఈజిప్టు దర్శకుడు షాదీ అబ్దెల్ సలామ్ 1969లో రూపొందించిన ‘అల్-మూమియా’ చిత్రానికి 1881లో లక్సర్ సమీపాన బయటపడిన రాజమమ్మీల ఉదంతం ఆధారం. చారిత్రక ఘటనను ఈ చిత్రం ఎక్కడెక్కడ మార్చింది, ఆ మార్పుల వల్ల పురావస్తు పరిరక్షణను గురించి ఎటువంటి అవగాహన ఏర్పడుతుంది అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఈజిప్టు, మమ్మీలు, తవ్వకాలు, పరిరక్షణ, కుర్నా, చలనచిత్ర విమర్శ.

1. నేపథ్యం:
నైలునది పశ్చిమతీరంలో, ప్రాచీన థీబ్స్ సమాధుల మీదనే కుర్నా గ్రామస్థుల ఇళ్లుండేవి. ఆ గ్రామానికి చెందిన అబ్ద్ అల్-రసూల్ సోదరులు 1871 ప్రాంతంలో దేర్ అల్-బహరీ కొండల్లో ఒక రహస్య సమాధిని కనుగొన్నారు. దోపిడీదారుల బారినుంచి కాపాడటానికి ప్రాచీన పురోహితులు మూడవ తుత్మోస్, మొదటి సేతి, రెండవ రామ్సెస్ వంటి ప్రభువుల దేహాలను అక్కడికి తరలించి దాచారు. సోదరులు ఆ సంపదను దాదాపు 10 ఏళ్లపాటు కొద్దికొద్దిగా అమ్ముకున్నారు. అంగడికెక్కిన వస్తువులు పురావస్తుశాఖాధిపతి గాస్టన్ మాస్పెరోకు అనుమానం కలిగించాయి.

2. నిర్బంధం - అంతరాత్మ:
కెనా పాలకుడు దావూద్ పాషా నిందితులను నిర్బంధించి హింసించాడు. తర్వాత కుటుంబంలో కలహం పుట్టి, సోదరులలో ఒకడైన మహమ్మద్ రహస్యాన్ని వెల్లడించాడు. అతనికి బహుమానమూ, తవ్వకాలలో ఉద్యోగమూ దక్కాయి. చిత్రంలో ఈ స్థానం వానిస్ అనే యువకునిది. తండ్రి మరణానంతరం తెగ పెద్దలు అతని కళ్లెదుటే ఒక మమ్మీని ఛేదించి మెడలోని స్వర్ణాభరణాన్ని తీస్తారు. ఇన్నాళ్లూ తాను తిన్న తిండి ఎక్కడిదో అతనికి అప్పుడు తెలుస్తుంది. ఎదురుతిరిగిన అన్న హతుడవుతాడు. చివరకు వానిస్ తనంతట తానే అధికారి అహ్మద్ కమాల్ వద్దకు వెళ్లి రహస్యం చెబుతాడు.

చరిత్రలో కర్ర చేసిన పనిని చిత్రంలో అంతరాత్మ చేసింది. ఇది గ్రామస్థునికి గౌరవమిచ్చే మార్పే. అయితే పరిరక్షణ పేరిట రాజ్యం సాగించిన హింస తెర మీద కనిపించకుండా పోయింది.

3. తవ్వకం తీరు:
సమాధిని ఖాళీ చేయించినవాడు జర్మనుడైన ఎమీల్ బ్రుగ్ష్. ఈజిప్టు పండితుడైన కమాల్ అతని సహాయకుడు. చిత్రం బ్రుగ్ష్‌ను తొలగించి కమాల్‌ను నాయకునిగా నిలిపింది. సుమారు 300 మంది కూలీలతో రెండు రోజుల్లోనే 40కి పైగా దేహాలను పైకి తీశారు. దొంగల భయమే ఆ తొందరకు కారణం. కాని ఏ శవపేటిక ఎక్కడ ఉన్నదో తెలిపే పటం గాని, ఛాయాచిత్రం గాని అప్పుడు సిద్ధం కాలేదు. వస్తువు దక్కింది, దాని సందర్భాన్ని తెలిపే సాక్ష్యం పోయింది. ఈ తొందరను చిత్రం ఒక గంభీరమైన ఊరేగింపుగా మలచింది.

4. భాష - మౌనం:
పాత్రలన్నీ ప్రామాణిక గ్రాంథిక అరబ్బీలో మాట్లాడతాయి. గ్రాంథిక, వ్యావహారిక వివాదం తెలిసిన తెలుగు పాఠకునికి ఈ ఎంపికలోని బరువు సులభంగా అర్థమవుతుంది. కుర్నా మనుషులకు అది ఇతిహాసస్థాయిని ఇస్తూనే వారి సొంత పలుకును దూరం చేసింది. ముగింపులో శవపేటికలు తరలిపోతుంటే తెగవారు మౌనంగా చూస్తారు. కాని నావ సాగుతున్నప్పుడు తీరగ్రామాల స్త్రీలు జుట్టు విరబోసుకొని రోదించారనీ, పురుషులు అంత్యక్రియలలో వలె తుపాకులు పేల్చారనీ మాస్పెరో నమోదు చేశాడు. ఆ మృతులు తమవారేనన్న భావన ఆ రోదనలో ఉంది. చిత్రంలోని మౌనం దానిని వినిపించనీయలేదు.

ముగింపు:
2006 చివరలో సమాధుల రక్షణ కోసమంటూ కుర్నా ఇళ్ల కూల్చివేత మొదలైంది. 2021 ఏప్రిల్ 3న కైరోలో 22 రాజమమ్మీలను వైభవంగా ఊరేగించి కొత్త మ్యూజియానికి చేర్చారు. ఈ రెండు ఘటనలను పక్కపక్కన ఉంచినప్పుడు, నదీతీరాన ఒంటరిగా నడిచిపోయే వానిస్ చివరి దృశ్యానికి అదనపు అర్థం చేకూరుతుంది. వారసత్వాన్ని అప్పగించినవానికి అందులో చోటు దక్కలేదు. స్థానికుని అంతరాత్మను గుర్తించిన ఈ చిత్రం అతని దుఃఖాన్ని పూర్తిగా వినలేకపోయింది. పరిరక్షణ చరిత్రను రాసేవారు ఆ దుఃఖాన్ని కూడా సాక్ష్యంగా స్వీకరించవలసి ఉంది.