అరేబియాలో యూదా దేశమా?

బైబిలు పాత నిబంధనలోని యూదా, ఇస్రాయేలు దేశాలు పాలస్తీనాలో కాక నైరుతి అరేబియాలోని అసీరు ప్రాంతంలో ఉండేవని లెబనాన్ చరిత్రకారులు కమాల్ సలీబీ 1985లో వెలువడిన గ్రంథంలో వాదించారు. అసీరు స్థలనామాలను పోగుచేసిన శ్రమ మెచ్చదగినదే. కాని పద్ధతి విమర్శకు నిలువదు. ప్రాచీన హీబ్రూ వ్రాతలో అచ్చులు లేవు గనుక హల్లులను మాత్రమే గ్రహించి, అవసరమైతే వాటి వరుస మార్చి, అరబ్బీ పేర్లతో జతకూర్చారు. సోదరభాషలలో ఇట్టి పోలికలు కొల్లలుగా దొరకుతాయి.

భూగర్భ సాక్ష్యం వేరు. 1935లో పాలస్తీనాలోని తెల్ అద్దువైర్ దిబ్బలో, క్రీ.పూ. 6వ శతాబ్ది ఆరంభంలో మట్టిపెంకులపై సిరాతో వ్రాసిన హీబ్రూ లేఖలు బయటపడ్డాయి. వాటిలో యూదా పట్టణాలైన లాకీషు, అజేకాల పేర్లున్నాయి. గ్రంథకర్త వాదం ఈ పెంకులను దాటలేదు.

ప్రవక్తల గడ్డ అంతా అరేబియాయే అనడం మనకు ఇంపుగా తోచవచ్చు. అయితే సాక్ష్యంలో పక్షపాతం కూడదన్నది మన ధర్మం. మనకు అనుకూలమైన వాదాన్నే మరింత గట్టిగా పరీక్షించాలి.