జబ్బు పడని చెరువు దగ్గరికి కూడా వెళ్లాలి

గాజు పళ్లెంలో గడ్డకట్టిన అగర్ మీద బ్యాక్టీరియాను దూదిపుల్లతో పలచగా పూస్తారు. దాని మీద మందు అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెట్టి, రాత్రంతా 35 డిగ్రీల వేడిలో ఉంచుతారు. పొద్దున్నే తీసి చూస్తే, మందు పనిచేసిన బిళ్ల చుట్టూ క్రిములు లేని వలయం కనిపిస్తుంది. దాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఈ.కోలై మీద టెట్రాసైక్లిన్ పెడితే, వలయం 15 మిల్లీమీటర్లు గానీ ఆపైన గానీ ఉంటే క్రిమి మందుకు లొంగినట్టు. 11 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే మొండికెత్తినట్టు.

విశాఖ పాండురంగాపురంలో ఉన్న కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ (అందరూ సిఫ్ట్ అని పిలుస్తారు) పరిశోధన కేంద్రంలో రొయ్యలు, చేపల్లోని క్రిముల మీద ఇలాంటి పని చాలాకాలంగా సాగుతోంది. ఈ పనికి ఇంతకన్నా తగిన ఊరు దొరకడం కష్టం. భీమిలి తీరం పొడవునా రొయ్య పిల్లల హేచరీలున్నాయి. మంగమారిపేటలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా వారి టాస్పార్క్ హేచరీ 1989 నాటిది. గోదావరి జిల్లాల చెరువుల్లో పెరిగిన వనామీ రొయ్య, గడ్డకట్టించాక కంటైనర్లలో విశాఖ రేవు దాటుతుంది. 2023-24లో మన దేశపు మత్స్య ఎగుమతుల విలువ 60,523 కోట్ల రూపాయలు. అందులో 40 వేల కోట్లు ఒక్క రొయ్యదే.

అంత డబ్బు ముడిపడి ఉంది కాబట్టే కొలతలు కూడా అంత గట్టిగా ఉంటాయి. యూరప్ 2022 నవంబరు నుంచి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ అవశేషానికి పెట్టిన గీత కిలోకు 0.15 మైక్రోగ్రాములు. అంటే గ్రామును పది లక్షల భాగాలు చేసి, అందులో ఒక భాగంలో దాదాపు ఏడో వంతు. అందుకే పట్టుబడికి ముందే చెరువులోంచి రొయ్యలు తీసి ఎలైజా పరీక్షకు పంపుతారు. నైట్రోఫ్యూరాన్లనే నిషిద్ధ మందుల అవశేషం గీత దాటినా ఆ సరుకు యూరప్ గడప తొక్కదు.

కానీ ఆ పరీక్ష చెప్పేది రొయ్య కండలో మిగిలిన మందు గురించే. మందు తిన్న చెరువులో మందుకు తట్టుకుని బతికిన క్రిముల గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. అవశేషం ఉన్న సరుకు ఓడెక్కితే తిరిగొస్తుంది, నష్టం లెక్కలో పడుతుంది. మొండి క్రిమి ఎక్కడికీ పోదు. బోదెలోకి, మురుగుకాలవలోకి, పక్క చెరువులోకి చేరుతుంది. తన మొండితనాన్ని వేరే జాతి క్రిములకూ అంటిస్తుంది. కొనేవాడు అడిగేదాన్ని ఇంత శ్రద్ధగా కొలిచి, మన నీళ్లలో మిగిలేదాన్ని అరకొరగా కొలవడం అన్యాయం.

మందు అసలు ఎందుకు పడుతోందన్నది ఇంకా ముందటి ప్రశ్న. 1994లో ఆంధ్ర తీరంలో తెల్లమచ్చ రోగం విరుచుకుపడి టైగర్ రొయ్య రైతును నిలువునా ముంచింది. అది వైరస్. ఈమధ్య రొయ్యను ఎదగనివ్వకుండా చేస్తున్న ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి కూడా బ్యాక్టీరియా కాదు. రెండింటికీ యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా తెల్లవారుజామున చెక్ ట్రేలో మేత మిగిలిపోయి, గట్టు పక్కన రొయ్యలు నీరసంగా తేలుతుంటే, అప్పు చేసి సీడ్ వేసిన రైతు ఆగలేడు. పక్కూళ్లో మందుల షాపు ఉంటుంది, రోగం పేరు చెప్పే ల్యాబ్ ఉండదు. తప్పంతా అతని నెత్తిన రుద్దడం తేలిక, కానీ సాయంత్రంలోగా రోగం తేల్చి చెప్పే ఏర్పాటు లేనిచోట ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

2000-01లో ఎంపెడా, ఆసియా-పసిఫిక్ దేశాల ఆక్వాకల్చర్ సంస్థ నాకా కలిసి ఈ చిక్కును వేరే దారిలో పట్టుకున్నాయి. పశ్చిమ గోదావరి, నెల్లూరు జిల్లాల్లో 365 చెరువులను ఎంచుకుని, పంట కాలమంతా వెంటాడి రాసుకున్నారు. అడుగు నల్లమట్టి తీశారా? సీడ్‌కు పీసీఆర్ పరీక్ష చేయించారా? నీళ్లు వడకట్టి పెట్టారా? పక్క చెరువు ఎప్పుడు వేశారు? రోగం వచ్చిన చెరువుకు ఎంత ఓపిగ్గా రాశారో, రాని చెరువుకూ అంతే ఓపిగ్గా రాశారు. రోగం ఎలా పాకుతుందో తేల్చే ఎపిడెమియాలజీ పనిలో గొప్పతనమంతా అక్కడే ఉంది. చచ్చిన రొయ్యను కోస్తే రోగం పేరు తెలుస్తుంది. అదే బోదె నీళ్లు తాగిన పక్క చెరువు ఎందుకు బతికిందో తెలియాలంటే ఆ గట్టు మీదికే వెళ్లి అడగాలి.

ఆ లెక్కల్లోంచి తేలినవి ఖరీదైన సంగతులేమీ కావు. నల్లమట్టి తీయడం, నీళ్లు శుద్ధి చేయడం, పరీక్షించిన సీడ్ వేయడం, ఒక బోదె మీదున్నవాళ్లంతా ఒకే సమయంలో వేయడం. మొగల్తూరులో రైతులు క్లబ్బుగా కూడి వీటిని చేసి చూపించారు. రోగం వచ్చిన చెరువు నీళ్లు చెప్పకుండా బోదెలోకి వదలకూడదన్న కట్టుబాటు పక్కపక్క రైతుల మధ్య కుదిరితే, అది ఏ మందు డబ్బా కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఆ అనుభవం మీదే 2007లో ఎంపెడా కాకినాడ కేంద్రంగా రొయ్య రైతుల కోసం నాక్సా సంస్థను పెట్టింది.

మళ్లీ మొండి క్రిముల దగ్గరికి వస్తే, ఆసుపత్రుల్లో చివరి ఆయుధంగా దాచుకునే కొలిస్టిన్‌కు క్రిములను లొంగకుండా చేసే జన్యువు చైనాలో పందుల్లోని బ్యాక్టీరియాలో ఉందని 2015లో బయటపడింది. 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం పశువులకు, కోళ్లకు, ఆక్వాకు కొలిస్టిన్‌ను నిషేధించింది. చేపల్లో, పశువుల్లో మొండి క్రిములను గమనించడానికి భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ఆధ్వర్యంలో ఇన్ఫార్ నెట్‌వర్క్ నడుస్తోంది. ఆ కొలతలు చెరువు గట్టు దాకా రావాలి. పట్టుబడికి ముందు నమూనా ఇచ్చిన రైతుకు అవశేషాల ఫలితం ఎలాగూ చేతికొస్తుంది. అదే రోజు తీసిన నీళ్లలో క్రిములు ఏ మందుకు లొంగుతున్నాయో, దేనికి లొంగడం లేదో కూడా తెలుగులో రాసి ఇస్తే, వచ్చే పంటకు సీడ్ వేసే ముందు క్లబ్బులో అందరూ కూర్చుని చూసుకోవచ్చు.